సాముకు తగిన బట్ట, నేలకు తగిన చెప్పు

ఆత్మరక్షణ విద్య నభ్యసింపబూనినవారు గురువు నెన్నుకొనుటయందును, రుసుము విచారించుటయందును, ఏ పద్ధతి శ్రేష్ఠమని నలుగురి నడుగుటయందును చూపు శ్రద్ధలో పదియవ పాలైనను, అభ్యాసమునకు పోవునపుడు ఒంటికేమి తొడుగుకొనవలెను, కాళ్లకేమి వేసికొనవలెను అను విషయమున చూపరు. ఇంటిలో నున్న పాత చుడీదారు, గుమ్మము కడ దొరకిన చెప్పులు, జడలో నాలుగు పిన్నులు, చేతులకు డజను గాజులు చాలునని బయలుదేరుదురు. కొలది దినములలోనే ఒకతె గాజు మరియొకతె ముంజేతిని చీల్చును. కాలెత్తినపుడు చుడీదారు తొడల నడుమ చినుగును. చినిగిననాటి సాయంకాలము మొదలుకొని ఆ పిల్ల ఏదో మిషపెట్టి తరగతి మానివేయును. భయముచేత మానినదని తల్లియు, బద్ధకముచేత మానినదని గురువును తలంతురు. ఇట్టి సందర్భములందు తప్పు తరచుగా కుట్టుదని నా యభిప్రాయము.

సమగ్ర శిక్ష యను ప్రభుత్వ విద్యాపథకము క్రింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ మను పేర 6 మొదలు 12వ తరగతి వరకు చదువు ప్రభుత్వ పాఠశాలల బాలికలకు మూడు మాసముల శిక్షణ నిచ్చు ఏర్పాటు దేశమందు కలదు. మూడు మాసములనిన ఎంత? వానలకును, పరీక్షలకును, పండుగలకును పోగా మిగులు తరగతులు కొలదియే. ఆ కొలదిలోను సగము చున్నీ సవరించుకొనుటకును, జారిన బొందు బిగించుకొనుటకును వ్యయమైనచో విద్యకు మిగులు కాలమెక్కడిది? కావున కాకుమాను, పొన్నూరు, పెదనందిపాడు ప్రాంతములందలి తలిదండ్రులు ఈ విషయము నలంకారప్రాయముగా గాక, శిక్షణలోని ప్రథమ భాగముగా పరిగణించుట యుక్తము. నేర్చునపుడు అవయవముల కడ్డురాని బట్ట యొకటి కావలెను. నేర్చిన దానిని సరిచూచుకొనునపుడు మాత్రము దినమును కట్టు బట్టయే కావలెను. ఈ రెండింటిని వేరుపరుపక పోవుటచేతనే పెక్కుమంది రెండువిధముల నష్టపోవుచున్నారు.

మన పూర్వుల కీ వివేకము లేకపోలేదు. కుస్తీ పట్టువాడు లంగోటీ బిగించి, దేహముపై మరియొక నూలుపోగు లేకుండ, త్రవ్వి మెత్తపరచిన మట్టిలోనికి దిగెడివాడు. ప్రతిపక్షి చేతికి చిక్కు చెరగేదియు లేకుండుటయే అతని మొదటి రక్షణ. కలియుగ భీముడని కీర్తి వడసి 1942లో గతించిన కోడి రామమూర్తి నాయుడు కాలమునాటి మల్లు లెల్లరు ఇట్టి తాలింఖానాలలో దేహములను తీర్చుకొన్నవారే. కర్రసాము చేయువాని యవసరము కొంత వేరు. దసరాకును పీర్ల పండుగకును వీథులందు కర్ర త్రిప్పువారు పంచెను కాసెపోసి వెనుకకు బిగించి, నడుమున గుడ్డ చుట్టుకొందురు. వంగినను, గెంతినను, కర్రను తలచుట్టు త్రిప్పినను ఎచ్చటను కొస వ్రేలాడదు. కేరళమున కళరులను సాముశాలలలో నడుమునకు పొడవైన కచ్చ బిగించుట నేటికిని ఆచారమే. ఇక స్త్రీలకు నిదర్శనము వెదకుటకు మల్లశాలలకు పోనక్కరలేదు. ఊడ్పులకు దిగు స్త్రీలు కుచ్చెళ్ల నెగగట్టి, కొంగును నడుమున దోపి, పిక్కలబంటి బురదలో ప్రొద్దుగ్రుంకువరకు వంగి లేచుచుందురు. ఆరు గజముల బట్టతో నంతటి స్వేచ్ఛ సాధ్యమని వారి కెవ్వరును బోధింపలేదు. పాంటు కొనలేకయో, వేసికొన సిగ్గుపడియో తరగతికి చీరతో వచ్చిన గృహిణికి గురువు మొదట చూపదగినది ఈ కట్టే.

నేడు కరాటే తరగతులందు కనబడు తెల్లని కోటునకును, దాని నడికట్టునకును మూలము జపాను దేశమున నున్నది. జిగోరో కానో 1882లో టోక్యోలో కోదోకాన్ శాలను స్థాపించి జూడో విద్యను రూపొందించినపుడు అభ్యాసకుల కోటు చేతులు మోచేతివరకును, లాగులు మోకాళ్ల వరకును మాత్రమే యుండెడివి. చాపలపై పడినపుడెల్ల మోచేతులును మోకాళ్లును డోకుపోవుచుండుటచేత 1907 ప్రాంతమున వానిని పొడిగించిరి. జూడోలో ప్రతిపక్షి కోటును పట్టి లాగి పడవైతురు గనుక ఆ బట్ట ఎట్టి గుంజులాటకైనను తాళవలెను. అందులకై పైభాగమును బియ్యపుగింజల వరుసవలె నుబ్బి కనబడు దళసరి నేతతో నేయుదురు. అంతర్జాతీయ పోటీలలో దాని బరువు చదరపు మీటరునకు 650 మొదలు 750 గ్రాముల లోపల నుండవలెనని నియమము. మనము తొడుగు చొక్కా గుడ్డ సాధారణముగా 100, 150 గ్రాములు మాత్రమే తూగునని తలచిన ఆ వ్యత్యాసము తేటపడును. ఒకినావా ద్వీపమునుండి వచ్చిన గిచిన్ ఫునకోషి 1922లో ఆ శాలయందే తన కరాటే విద్యను ప్రదర్శించెను; పిదప కరాటేవారు ఆ యుడుపునే గ్రహించి, పట్టులకంటె ప్రహారములే తమకు ప్రధానములగుటచే, గుడ్డను పలుచన చేసికొనిరి.

ఈ చరిత్ర యంతయు కొనువారి కేల? ఏ విద్యకు ఏ బట్ట యను ప్రశ్న దుకాణములో కాక తరగతిలో తేలవలెనని చెప్పుటకే. పట్టు, పడవేత నేర్పు చోటికి పలుచని కరాటే కోటు తొడిగి పోయినచో మెడకడ చినిగి వచ్చును. గుద్దు, తన్ను నేర్పు చోటికి జూడో కోటు మోసికొని పోయినచో, బాపట్ల తీరపు గాలిలోని తేమకు, చైత్ర వైశాఖముల యెండకు, అరగంటలో శోష వచ్చును. కొందరు శిక్షకులు చేరిననాడే కోటు కొనుమని నిర్బంధింతురు. ఒకటి రెండు మాసము లాగి, పిల్ల నిలుచునో లేదో చూచి, పిదప కొనుట గృహస్థునకు శ్రేయస్కరము. ఏకరీతి దుస్తులకు గౌరవము లేదనను. 1921 చీరాల పేరాల యుద్యమమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు కాషాయ వస్త్రములతోను రుద్రాక్షలతోను నడచినపుడు, చేత నాయుధము లేని ఆ సమూహమునకు ఆ వేషమే క్రమశిక్షణ నిచ్చినది. అయినను ఆ వేషము వారి కార్యమునుండి పుట్టినది. దుకాణపు పెట్టెనుండి కాదు.

మొదటి మాసములకు కావలసినది వదులైన నూలు కుర్తాయు, పైజామాయు. మంగళగిరిలోను చీరాలలోను మగ్గము పని నేటికిని నడచుచున్న ఈ సీమలో మంచి నూలుగుడ్డకై దూరము పోనక్కరలేదు. మంగళగిరి గుడ్డ గట్టి నేత గలది, చెమటను పీల్చును, ఎన్ని యుతుకులకైనను నిలుచును. దానిని కుట్టించుటకు ముందు నీట నానవేసి యారవేయవలెను. లేనిచో మొదటి యుతుకునకే ముడుచుకొని చంకలలో బిగియును. మరియొక మాట, దీనికి గంజి పెట్టరాదు: గంజి పెట్టిన బట్ట పండుగనాడు శోభించును గాని చెమట పీల్చదు, మెడను ఒరయును. నైలాను పాలియెస్టరు ట్రాకుసూట్లు త్వరగా ఆరునను గుణము కలవి; వానకాలమున నది చిన్న గుణము కాదు. కాని ఉక్కపోతలో దేహమున కంటుకొని చెమటపొక్కులు పుట్టించును. రెండును కలిసిన నేత మధ్యే మార్గముగా చెల్లును. పాఠశాల మైదానమున దొరలి పడుట గలిగినచో పైజామాకు డ్రిల్లు గుడ్డ మేలు.

కుట్టుపని దర్జీకి చెప్పవలసినది కొంచెమే యైనను, గట్టిగా చెప్పవలెను. చంకల క్రిందను తొడల నడుమను చదరపు గుడ్డముక్క నొక్కొక్కటి చేర్చి కుట్టినచో చేయి పైకెత్తినను, కాలు చాచినను బట్ట లాగదు. జపాను కోటులోను మన పాతకాలపు పైజామాలోను రహస్య మిదియే. నడుమునకు ఎలాస్టిక్ మాత్రమే యుంచక బొందు కూడ నుంచి, ముడిని లోపలకు దోపుకొనవలెను. జేబులు వలదు, పట్టులాటలో ఎదుటివారి వ్రేళ్లు చిక్కుకొని విరుగును. జిప్పులు, లోహపు గుండీలు, హుక్కులు అంతకంటెను వలదు. బట్ట సరిపోయినదో లేదో అద్దము ముందు నిలిచి తెలిసికొనలేము. బాసిపట్టు వేసికొని కూర్చుండవలెను, గొంతుకూర్చుండి లేవవలెను, మోకాలిని రొమ్మువరకు ఎత్తవలెను, రెండు చేతులును పైకి చాచి పక్కలకు వంగవలెను. వీనిలో నేది చేయునపుడైనను చేయి తనంతట బట్టను సవరింపబోయినచో ఆ బట్ట పనికిరాదు. ఛాతిని కదలకుండ పట్టి యుంచు లోదుస్తు బాలికలకు అత్యవసరము. ఇది లేక పరుగులయందు వెనుకంజ వేయు పిల్లలు పెక్కుమంది. తల్లులు సంకోచింపక కొనిపెట్టవలెను.

రంగు విషయమున నా కొక పట్టింపు కలదు. తెల్లని పైజామా వేసికొనవలసి వచ్చినపుడు ఋతుదినములయందు బాలికలు తరగతికి రాకుండుట సహజము. ఆ సంగతి వారు శిక్షకునితో చెప్పలేరు. సంప్రదాయమునకు పెట్టినది పేరైన వింబుల్డన్ టెన్నిస్ పోటీలవారే, శ్వేతవస్త్ర నియమమును సడలించి, 2023 మొదలుకొని క్రీడాకారిణులు ముదురు రంగు లోలాగులు ధరించుట కనుజ్ఞ నిచ్చిరి. ఒక గ్రామ పాఠశాలలో నీలిరంగు పైజామా కనుమతి నిచ్చుటకు అంతటి యాలోచన అక్కరలేదు.

ఇక ఆభరణములు. గాజు గాజులు తరగతి గుమ్మము వెలుపలనే యుండవలెననుటలో వాదము లేదు. అవి పగిలినచో చేతిలోను, చాపలోను, మరుసటి దినము మరియొకరి అరికాలిలోను మిగులును. జూకాలు, ముక్కుపుడక, కాలిపట్టీలు తీసివేయవచ్చును. మంగళసూత్రము, మట్టెలు తీయుమన్నచో గృహిణి తరగతినే వదలునుగాని వానిని వదలదు. ఆమెతో ఆచారమును గూర్చి తర్కించుటకు కరాటే గురువెవ్వడు? సూత్రమును రవిక లోపలికి వేసి పైన బిగువైన బనియను తొడుగవచ్చును. మట్టెలపై వైద్యశాలలో వాడు అంటుపట్టీ రెండు చుట్లు చుట్టవచ్చును. పిన్నీసులు మాత్రము ఏ కారణమునను వలదు. జడను మడచి మెత్తని రబ్బరుతో కట్టవలెనే గాని లోహపు పిన్నులతో బిగింపరాదు; వెనుకకు పడినపుడు ఆ పిన్ను తలలోనికి దిగును. గోళ్లు చేతులకును కాళ్లకును పొట్టిగా తీసికొనవలెను.

పాదముల సంగతి నేలను బట్టి నిర్ణయింపవలసినది, కాకుమాను నేల సామాన్యమైనది కాదు. ఇచ్చటి నల్లరేగడి వేసవిలో పాదము దిగునంతటి నెర్రెలు వారి, అంచులు పెంకులవలె గట్టిపడును. తొలకరి చినుకు పడగానే బంకయై చెప్పునకు సేరు మన్ను తగిలించును. గట్ల ప్రక్కల తుమ్మముల్లును, బీడులలో పల్లేరుకాయయు ఉండనే యున్నవి. ఇట్టి నేలపై జపాను పద్ధతి యని వట్టి కాళ్లతో తన్నులు నేర్పించుట మూర్ఖత్వము. ఆ పద్ధతి వరిగడ్డిని దట్టముగా నొత్తి చేసిన తతామీ చాపలవంటి వానికి తగినది. చాప గాని, ఊడ్చి శుభ్రపరచిన చావడి గాని యున్నచో వట్టి పాదమే యుత్తమము. అరికాలు నేలను తెలిసికొనును, బొటనవ్రేలు పట్టు నేర్చును, ఎదుటివానికి బూటు దెబ్బ తగులదు. సూర్యలంక తీరపు ఇసుకలో పడుట సులభము. కాని మెత్తని యిసుక మడమ వెనుకటి నరమును, పిక్కలను త్వరగా అలయించును గనుక క్రొత్తవారు అచ్చట ఎక్కువసేపు గెంతరాదు.

మైదానమున నైనచో బూటు తప్పదు. ఏ బూటు? పరుగునకై చేసిన బూట్లు మడమకడ ఎత్తుగా, మెత్తగా నుండును. ముందునకు పరుగెత్తువానికి అది సుఖమే. ఆత్మరక్షణలో నడక ప్రక్కలకును వెనుకకును సాగును. ఎత్తైన మడమపై ప్రక్కకు మరలినపుడు చీలమండ మడతపడును. అడుగున పట్టు మితిమీరిన బూటు మరియు ప్రమాదకరము: దేహము తిరుగును, పాదము నేలకు కరచుకొని తిరుగదు, ఆ మెలిక అంతయు మోకాటిపై పడును. మోకాటి లోపలి లిగమెంటు తెగు ప్రమాదము స్త్రీలకు పురుషులకంటె అధికమని క్రీడావైద్యులు చెప్పుచున్నారు గనుక బాలికల విషయమున ఈ జాగ్రత్త రెట్టింపుగా నుండవలెను. పాఠశాలలో నిచ్చు నల్లబూట్లు అడుగు గట్టివి, వంగవు. ప్రార్థనావరుసలో నిలుచుటకు చాలును గాని మునిగాళ్లపై తిరుగుటకు చాలవు. వ్యాయామ తరగతులకై చిరకాలముగా వాడుకలో నున్న, అడుగు సమతలముగానుండు కాన్వాసు బూట్లే ఈ మైదానములకు తగినవి, వెలయు తక్కువ. బూటును చేతబట్టి వంచినచో మునివ్రేళ్ల మొదట వంగవలెను, నడుమ వంగరాదు. కొనుటకు సాయంకాలము పోవలెను; పగలెల్ల నడచిన పాదము కొంత ఉబ్బి యుండును. నిలుచున్నపుడు పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండవలెను. తడిసిన బూటును మరునాడు తొడిగినచో వ్రేళ్ల సందులు ఒరసి పుండ్లగును. లోపల వార్తాపత్రిక కుక్కి నీడలో ఆరబెట్టవలెను.

ఇంతవరకు చెప్పినది నేర్చుకొను దినముల మాట. రెండవ దుస్తుల మాట దీనికంటె ముఖ్యము. తరగతులందు దీని నడుగువారు అరుదు. తెనాలి కళాశాలనుండి చీకటిపడువేళ బస్సు దిగి యింటికి నడచు పిల్ల నూలు పైజామాతో, కాన్వాసు బూట్లతో నుండదు. బిగువైన లెగ్గింగు, మెడలో చున్నీ, భుజమున సంచి, కాళ్లకు హవాయి చెప్పులు, ఇదియే ఆమె యుడుపు. అందుచేత శిక్షణలో కడపటి మూడవవంతు కాలము, వారమున కొకమారైనను, ఆ వేషముతోనే సాధన చేయింపవలెను. లండను నగరమున ఓటుహక్కుకై పోరాడిన స్త్రీలకు 1913 ప్రాంతమున ఎడిత్ గారుడ్ అను శిక్షకురాలు జుజుత్సు నేర్పినది. వారి నాయకురాలు ఎమెలీన్ పాంఖర్స్టునకు రక్షకులుగా నిలిచిన సుమారు ముప్పదిమంది స్త్రీలు చీలమండల నంటు పావడాలతోనే పోలీసుల నెదుర్కొనిరి. పక్కటెముకలకు దెబ్బ తగులకుండ బట్టల క్రింద అట్టముక్కలు దోపుకొనిరి. వారు పోరునకై వేషము మార్చుకొనలేదు, వేషములోనే పోరు నేర్చిరి.

చున్నీని మెడచుట్టు రెండు మడతలు వేసికొనుట అన్నిటికంటె అపాయకరము. 1927లో నీస్ పట్టణమున నర్తకి ఇసడోరా డంకన్ మెడకు చుట్టుకొన్న పొడవైన శాలువ మోటారుబండి చక్రమున చిక్కి ఆమె ప్రాణము తీసినది. దుండగుని పిడికిలి కూడ చక్రమువంటిదే. ఒక భుజముపై వదులుగా వేసికొన్న చున్నీ లాగినవాని చేతికే పోవును, పిల్ల పోదు. మొదట చెప్పిన రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణలో తాళపుగుత్తి, చున్నీ, పుస్తకముల సంచి, కలము మొదలగు నిత్యవస్తువులను సమయమునకు ఆయుధములుగా వాడుట నేర్పవలెనని యున్నది. తరగతికి చున్నీ తేవలదని శాసించు శిక్షకుడు ఆ పాఠము నెట్లు చెప్పగలడు? చీర కట్టువారు లోపావడా ఘేరు ఎంత యున్నదో చూచుకొనవలెను. ఘేరు చాలనిచో అడుగు సాగదు, కుచ్చెళ్లు ఒక చేత నెత్తిపట్టి పరుగెత్తుటను సాధన చేయవలెను. బురఖా ధరించు సోదరీమణులకు ఈ న్యాయమే వర్తించును: ముసుగుతో ప్రక్కచూపు ఎంతవరకు తగ్గునో తరగతిలోనే తెలిసికొనుట మేలు.

ఇచ్చట నొక్క అపార్థమును తొలగింపవలెను. ఏ బట్ట కట్టిన దాడి జరుగదు అని నేను చెప్పుట లేదు. అట్టి బట్ట లోకమున లేదు, దాడి చేసినవాని నేరమును బట్టపై మోపుటకు ఎవ్వరికిని హక్కు లేదు. కట్టిన బట్ట యేదైనను అందులో కాలు సాగునా, చేయి లేచునా యనునదియే ఈ వ్యాసమునకు విషయము.

చెప్పుల పరీక్షను శిక్షకులు తప్పక పెట్టవలెను. హవాయి చెప్పులతో నిలిచియున్న పిల్ల భుజమును వెనుకనుండి పట్టించి, విడిపించుకొని ఇరువది యడుగులు పరుగెత్తుమనవలెను. మూడవ యడుగునకే ఒక చెప్పు జారును. ఒకటి పోయి ఒకటి మిగిలినచో నడక కుంటిపడును గనుక రెండవదానిని కూడ అప్పుడే విదిల్చి పారవేయుట అలవాటు కావలెను. వట్టి కాళ్లతో కంకరరోడ్డుపై పరుగెత్తగలదా యనునది తరువాతి ప్రశ్న. చిన్ననాడు పొలము గట్లపై తిరిగిన పిల్ల పరుగెత్తును, పట్టణమున పెరిగిన పిల్ల పది యడుగులకు నిలిచిపోవును. అట్టివారు మడమ వెనుక పట్టీ గల చెప్పులను, లేదా బిగువైన శాండళ్లను కొనుట మంచిది. ఎత్తుమడమల చెప్పులతో వచ్చువారు వానిని చేతబట్టి పరుగెత్తుట సినిమాలలో చూచియుందురు. చేతులు ఖాళీగా నుండవలసిన సమయమున అది తగదు, వదలి పోవలసినదే. చెప్పుల ఖరీదు తల్లి యడిగినపుడు చెప్పవలసిన సమాధానమును కూడ శిక్షకుడు ముందే తల్లికి చెప్పి యుంచినచో పిల్ల వెనుకకు తిరిగి చూడదు.